ఫ్లాట్ కొనేవారి తీరు తెలుసుకుని అమ్మడం: సేల్స్‌లో పనిచేసేవారికి సమగ్ర మార్గదర్శి

ఆదివారం ఉదయం బాచుపల్లిలోనో తెల్లాపూర్‌లోనో ఏ సైట్ ఆఫీసులో కూర్చున్నా ఒకే దృశ్యం. ఒకాయన లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం చేతులు మారిన పాత పత్రాలు, అడుగుతాడు. పక్క టేబుల్ దగ్గర ఒకావిడ వంటగది ఆగ్నేయంలో ఉందా లేదా అని ప్లాన్ తిప్పి చూస్తుంది. ఇంకో కుర్రాడు ప్రతి గదీ వీడియో తీసి ఊళ్లో ఉన్న నాన్నకు పంపుతుంటాడు. నాలుగో ఆయన కుర్చీలో కూర్చోకుండానే టోకెన్ (బుకింగ్ కోసం ముందిచ్చే సొమ్ము) ఎంత అంటాడు. నలుగురూ చూసేది అదే త్రీ బీహెచ్‌కే, రేటూ అదే. మనం చెప్పేది కూడా అందరికీ ఒకటే: ఈ నెలాఖరు దాటితే రేటు పెరుగుతుంది సార్.

ఆ మాట నాలుగో ఆయనకు పనికొస్తుందేమో. మిగతా ముగ్గురికీ అది టెన్షన్ పెట్టడమే. కాగితాలు అడిగినాయన అనుమానపడతాడు, కుర్రాడు నాన్న ముందు ఇరుకున పడతాడు, ఆవిడ లేచి వెళ్లిపోతుంది. మనిషి పెద్ద ఖర్చు దగ్గర నిర్ణయం తీసుకునే పద్ధతి చాలా ఏళ్ల అలవాటు. గంటసేపు సైట్ విజిట్‌లో మనం దాన్ని మార్చలేం, మార్చాల్సిన అవసరమూ లేదు. దాన్ని ముందుగా కనిపెట్టి, మన పనిని ఆ పద్ధతికి తగ్గట్టు అమర్చుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో చూద్దాం. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్లాట్లు అమ్మేవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. విల్లాలు, ప్లాట్లు అమ్మేవారికీ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

1. ఫ్లాట్ చూపించే ముందే అడగాల్సినవి

మోడల్ ఫ్లాట్‌లోకి తీసుకెళ్లాక ఎవరూ ప్రశ్నలు వినరు. టైల్స్ చూస్తారు, కిటికీలోంచి చూస్తారు. అందుకే ముందు పది నిమిషాలు కూర్చోబెట్టండి, మంచినీళ్లు ఇవ్వండి, మామూలుగా మాట్లాడుతూ మూడు సంగతులు తెలుసుకోండి.

మొదటిది, ఇంతకుముందు ఏదైనా పెద్దది కొన్నప్పుడు ఎలా తేల్చుకున్నారు? "ఇప్పుడున్న ఇల్లు ఎలా దొరికింది సార్?" అని అడిగితే చాలు. "మా కొలీగ్ అక్కడే ఉంటాడు, రమ్మన్నాడు" అంటే తెలిసినవాళ్ల మాట మీద నడిచే మనిషి. "ఆరు నెలలు తిరిగి, ఎక్సెల్ షీట్ వేసుకున్నాం" అంటే మీ కాస్ట్ షీట్‌లో ప్రతి గడీ చదవబోతున్నాడని అర్థం. "మా మామగారు చూసి ఓకే అన్నారు" అంటే ఆ మామగారు ఇంకా రాలేదన్నమాట.

రెండోది, ఇంకా ఎవరు చూడాలి? దీన్ని అడిగే తీరులో జాగ్రత్త కావాలి. "ఫైనల్ డెసిషన్ ఎవరిది?" అంటే ఎదురుగా కూర్చున్న మనిషికి విలువ లేదన్నట్టు వినబడుతుంది. "ఇంట్లో పెద్దవాళ్లు కూడా చూడాలనుకుంటే వాళ్లకు వీలైన రోజు చెప్పండి, ఎండ లేని టైమ్‌లో చూపిస్తాను" అనండి. సమాచారం అదే వస్తుంది, ఎవరికీ చిన్నతనం ఉండదు.

మూడోది, ఎప్పటికి ఇంట్లో దిగాలి? పిల్లల స్కూలు జూన్‌లో మొదలవుతుందా, అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి ఉందా, లేక ఏ తొందరా లేకుండా పెట్టుబడికి చూస్తున్నారా? వాళ్ల తేదీ తెలిస్తే మన నెలాఖరుకు వాళ్లను ఇరికించే పని ఉండదు.

జవాబులను ఆ రోజే రాసి పెట్టండి. చాలా ఆఫీసుల సాఫ్ట్‌వేర్‌లో లీడ్ (కొనే అవకాశమున్న కస్టమర్) పక్కన హాట్, వార్మ్, కోల్డ్ అనే గళ్లే ఉంటాయి. అవి మన ఆశను చెబుతాయి, కస్టమర్ గురించి ఏమీ చెప్పవు. రిమార్క్స్‌లో ఒక్క వాక్యం చేర్చండి: "అన్నయ్య డాలస్‌లో, ఆయన ఓకే అనాలి, కాగితాలు ముందు, శ్రావణం తర్వాతే అడ్వాన్స్." రేపు మీరు సెలవులో ఉన్నా మీ కొలీగ్ తప్పు మాట మాట్లాడడు.

మనిషిని చూసి మాత్రం పద్ధతిని ఊహించకండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అంటే లెక్కలు, రైతు అంటే నమ్మకం అని మన దగ్గర ఒక అపోహ ఉంది. నిజానికి ఊళ్లో భూమి అమ్మి వచ్చిన రైతు లింక్ డాక్యుమెంట్లు చదివినంత శ్రద్ధగా చాలామంది ఇంజనీర్లు చదవరు. పట్టా, పహాణీ, సర్వే నంబర్ల మధ్య బతికిన మనిషి ఆయన.

2. కాగితాలు చూసి తేల్చుకునేవారు

వీళ్లు ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు కాబట్టి మనవాళ్లు "టైమ్ పాస్ పార్టీ" అని పేరు పెడతారు. చాలా తప్పు. ఇన్ని ప్రశ్నలు అడిగేవాళ్లు నిజంగా కొనాలనుకునేవాళ్లే, ఒకసారి తేల్చుకున్నాక వెనక్కి తిరగడమూ తక్కువే.

వాళ్లు అడిగే ముందే ఒక ఫైలు సిద్ధంగా ఉండాలి. ప్రాజెక్టు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్, అందులో బిల్డర్ ప్రకటించిన పూర్తి తేదీ, హెచ్‌ఎండీఏ లేదా జీహెచ్‌ఎంసీ అనుమతి, ఈసీ (ఆస్తి మీద ఉన్న అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు, లాయర్ ఒపీనియన్, లోన్ ఇస్తున్న బ్యాంకుల జాబితా, అగ్రిమెంట్ ఆఫ్ సేల్ నమూనా. నమూనా అగ్రిమెంటు టోకెన్ కట్టాకే ఇస్తామనే ఆఫీసులున్నాయి. చదివే అలవాటున్న కస్టమర్ అక్కడే ఆగిపోతాడు, అతన్ని తప్పుపట్టలేం.

విస్తీర్ణం గురించి సూటిగా చెప్పండి. మన మార్కెట్‌లో రేటు చెప్పేది సూపర్ బిల్టప్ ఏరియా మీద, అంటే కామన్ ఏరియా వాటా కూడా కలిపిన విస్తీర్ణం మీద. 2016 నాటి రెరా చట్టం మాత్రం కార్పెట్ ఏరియాను నిర్వచించింది: లోపలి అడ్డుగోడలు కలిపి, బయటి గోడలు, బాల్కనీ, పైపులు వెళ్లే షాఫ్టులు తీసేసిన వాడుక స్థలం. 1,650 ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగులు) అని బ్రోచర్‌లో వేసిన ఫ్లాట్‌కు కార్పెట్ ఎంత, బాల్కనీ ఎంత, కామన్ ఏరియా ఎంత అనేది వాళ్లు లెక్కేసి అడిగేలోపు మీరే విడదీసి చెప్పండి. యూడీఎస్, అంటే ఆ ఫ్లాట్‌కు వచ్చే భూమి వాటా ఎన్ని గజాలో కూడా అదే కాగితం మీద ఉండాలి.

మొత్తం ఖర్చు దగ్గరే ఎక్కువ బేరాలు చెడతాయి. ఉదాహరణకు 1,650 ఎస్‌ఎఫ్‌టీ, అడుగు 6,500 అనుకుందాం. 1,07,25,000 రూపాయలు. ఇంకా కడుతున్న ఫ్లాట్ అయితే, అఫర్డబుల్ (తక్కువ ధర ఇళ్ల) కోవలోకి రాదు కాబట్టి, 5 శాతం జీఎస్‌టీ: 5,36,250. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు 7.5 శాతం వేసుకుంటే ఇంకో 8,04,375. అక్కడికే కోటీ ఇరవై లక్షలు దాటింది. పార్కింగ్, క్లబ్‌హౌస్, ఫ్లోర్ రైజ్ (పై అంతస్తులకు అదనపు రేటు), కార్పస్ ఫండ్ (భవనం నిర్వహణకు ముందే కట్టే నిధి) ఇంకా కలపలేదు. ఈ లెక్క మొదటి రోజే మన చేత్తో ఇస్తే కస్టమర్ ముఖం కాస్త వాడిపోతుంది, నిజమే. మూడో మీటింగ్‌లో ఆయనే కనిపెడితే మాత్రం అప్పటిదాకా మనం చెప్పిన అన్నిటి మీదా నమ్మకం పోతుంది.

లోన్ లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం 75 లక్షలు దాటిన గృహరుణానికి బ్యాంకు ఇంటి విలువలో 75 శాతం మించి ఇవ్వదు. రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపదు. 50 లక్షలు, ఆపైన పలికే ఇల్లయితే కొనేవారు అమ్మేవారికి ఇచ్చే సొమ్ములో 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) తగ్గించి ప్రభుత్వానికి కట్టాలి. చేతి నుంచి ఎంత పెట్టుకోవాలో తెలిస్తేనే లెక్కల మనిషి కదులుతాడు.

తెలియని ప్రశ్న వస్తే "లీగల్ వాళ్లను అడిగి బుధవారం చెబుతాను" అనండి. బుధవారం చెప్పండి. జవాబు ఇంకా రాకపోతే రాలేదని అయినా ఆ రోజే చెప్పండి. మధ్యలో "సార్, ఏం ఆలోచించారు" అని ఫోన్ చేయకండి. ఆయన ఆలోచిస్తూనే ఉన్నాడు. పక్క ప్రాజెక్టుతో పోల్చే పట్టిక ఎలాగూ వేసుకుంటాడు, అందులో మన గళ్లు నింపడానికి సాయం చేయండి. మనకన్నా వాళ్ల పార్కింగ్ బాగుంటే బాగుందనే చెప్పండి.

ఒక హెచ్చరిక. జవాబు వచ్చిన ప్రశ్ననే మూడోసారి అడుగుతుంటే సమస్య కాగితంలో లేదు. ఉద్యోగం మీద బెంగ కావచ్చు, ఈఎంఐ భయం కావచ్చు. అప్పుడు ఇంకో డాక్యుమెంట్ పంపకుండా "మిమ్మల్ని ఇంకా ఏదో ఆపుతోంది సార్, పర్లేదు చెప్పండి" అని నెమ్మదిగా అడగండి.

3. ఇంటిల్లిపాదీ కలిసి తేల్చుకునేవారు

మన దగ్గర ఎక్కువ ఇళ్లు కొనేది ఇలాగే. ఆఫీసులో నలుగురు కూర్చుంటారు, ఒకరు మాట్లాడతారు. మాట్లాడే ఆ ఒక్కరికే వివరాలు చెప్పడం సేల్స్‌లో అతి సాధారణమైన పొరపాటు. ఈఎంఐ సంగతి భర్తకు, వంటగది సంగతి భార్యకు అని పంచేసి చెప్పడం ఇంకా ఘోరం. ఇద్దరూ కలిసి లోన్ తీసుకునే ఇళ్లలో ఆవిడ జీతం కూడా ఆ ఈఎంఐలో ఉంటుంది.

ఎవరు ఏం అడుగుతారో చెవిన పెట్టి ఎవరికి వారికే జవాబివ్వండి. పెద్దాయన నీళ్ల గురించి అడుగుతారు: బోరు ఎంత లోతు, మంజీరా కనెక్షన్ వస్తుందా, వేసవిలో ట్యాంకర్లు తెప్పిస్తారా? పెద్దావిడ పూజగది, బట్టలారేసే చోటు, దగ్గర్లో గుడి చూస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లిఫ్ట్ ఆగితే జనరేటర్ ఎంతసేపట్లో అందుకుంటుందని అడుగుతారు. కొడుకు అడగలేదు కదా అని ఈ జవాబులను తేలిగ్గా తీసేస్తే, రాత్రి భోజనాల దగ్గర ఆ బేరం ముగిసిపోతుంది. మనకు మర్నాడు "ఇంట్లో ఇంకా అనుకోలేదండీ" అని మాత్రమే తెలుస్తుంది.

వాళ్లలో వాళ్లకు మాట కలవని సందర్భం తప్పక వస్తుంది. కొడుకుకు పన్నెండో అంతస్తు, గాలి వెలుతురు కావాలి. తండ్రికి మూడో అంతస్తు చాలు, లిఫ్ట్ ఆగినా ఎక్కి రాగలగాలి. ఇక్కడ చాలామంది డబ్బు కట్టేది ఎవరో చూసి అటువైపు చేరతారు. ఎవరి పక్షమూ తీసుకోకండి. రెండూ చూపించండి, రెంటికీ కాస్ట్ షీట్ ఇవ్వండి. "మీరు మాట్లాడుకోండి, నేను కింద ఆఫీసులో ఉంటాను" అని చెప్పి దిగి రండి. కుటుంబం తనలో తాను మాట్లాడుకోవడానికి ఒక ఖాళీ ఫ్లాట్, పావుగంట ఏకాంతం ఇవ్వడం కన్నా మంచి సేల్స్ పని నాకు తెలియదు.

సైట్‌కు రాలేనివాళ్లు కూడా ఉంటారు. డాలస్‌లో ఉన్న అన్నయ్యతో మాట్లాడాలంటే మన ఆదివారం ఉదయం ఏడున్నర మంచి సమయం, అక్కడ వేసవిలో శనివారం రాత్రి తొమ్మిది అవుతుంది. ఆయనకు మ్యూజిక్ పెట్టిన ప్రమోషన్ వీడియో పంపకండి. మెయిన్ రోడ్డు నుంచి గేటు దాకా, గేటు నుంచి ఫ్లాట్ దాకా, బాల్కనీలోంచి పక్క స్థలం కూడా కనబడేలా, కోత లేకుండా తీసిన వీడియో పంపండి. పక్కన డంప్ యార్డ్, హైటెన్షన్ లైను లాంటివి ఉన్నాయో లేదో చూసుకోవడమే ఆయనకు కావాలి. ఆయన పేరు మీదే కొంటుంటే పవర్ ఆఫ్ అటార్నీ సంగతి ముందే చెప్పండి: విదేశంలో రాసి కాన్సులేట్‌లో ధ్రువీకరించినా, ఆ కాగితం ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించుకోవాలి. రిజిస్ట్రేషన్ తేదీ దగ్గర పడ్డాక ఈ మాట చెబితే అందరికీ పరుగే.

4. తిథి, వాస్తు చూసుకునేవారు

నవ్వకండి. నమ్ముతున్నట్టు నటించనూ వద్దు. "మా పంతులుగారు ఆల్రెడీ ఓకే చేశారండీ" అనే మాట అసలు పనిచేయదు, ఎందుకంటే వాళ్లకు వాళ్ల పంతులుగారు ఉన్నారు. ఉత్తరం దిక్కు సరిగా గుర్తించిన ప్లాన్, గదుల కొలతలతో ఇవ్వండి. సైట్ దిక్కులకు కాస్త తిరిగి ఉంటే ఎన్ని డిగ్రీలో రాసివ్వండి. వాళ్ల వాస్తు సిద్ధాంతి వస్తానంటే సైట్ ఇంజనీరును తోడివ్వండి. మార్చగలిగేది ఏదో, స్ట్రక్చర్ కాబట్టి మార్చలేనిది ఏదో అక్కడికక్కడే తేలిపోతుంది.

ఈ ఏడాది ఆషాఢం ఎప్పుడు, మూఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు పోతుంది, పుష్యమాసం ఎప్పుడు అనేవి మీ టేబుల్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. అయినా అందరూ ఒకేలా పాటించరు. కొందరు ఆషాఢంలో టోకెన్ ఇచ్చి శ్రావణంలో అగ్రిమెంటు చేసుకుంటారు. కొందరు ఆ నెలంతా ఇంటి మాటే ఎత్తరు. శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వనివాళ్లు ఆన్‌లైన్‌లో కూడా పంపరు. అడిగి తెలుసుకుని కట్టే తేదీని గురువారానికో సోమవారానికో జరిపితే మన సొమ్మేం పోదు. ముస్లిం కుటుంబానికి శుక్రవారం మధ్యాహ్నం, చర్చికి వెళ్లేవారికి ఆదివారం పొద్దున సైట్ విజిట్ పెట్టకపోవడం కూడా ఇలాంటి మర్యాదే.

5. అక్కడికక్కడే తేల్చేసేవారు

వీళ్లకు ప్రాజెక్టు చరిత్ర చెప్పకండి, డ్రోన్ వీడియో వేయకండి. మూడు ఫ్లాట్లు, మూడు ధరలు, అంతే. కానీ వాళ్ల వేగాన్ని మన లాభానికి వాడుకోవద్దు. టోకెన్ తీసుకునే ముందు మూడు సంగతులు నోటితో చెప్పి, వాట్సాప్‌లోనూ పంపండి: అన్నీ కలిపి ఎంతవుతుంది, రెరాలో ఇచ్చిన పూర్తి తేదీ ఏది, మనసు మారితే టోకెన్‌లో ఎంత వెనక్కి వస్తుంది. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ఫ్లాట్ ధరలో 10 శాతం మించి తీసుకోవడాన్ని రెరా చట్టం ఒప్పుకోదు. తొందరలో ఉన్న మనిషి "మొత్తం ఇరవై లక్షలు ఇప్పుడే వేసేస్తా" అన్నా ఆ గీత దాటకండి.

6. తెలిసినవాళ్ల మాట మీద నడిచేవారు

వీళ్లకు బ్రోచర్ అక్కర్లేదు, అక్కడ కాపురముండే మనిషి కావాలి. అదే బిల్డర్ పాత ప్రాజెక్టుకు పంపండి, మీరు వెంట వెళ్లకండి. మనం ఎంచి పెట్టిన ఇద్దరితో మాట్లాడిస్తే వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. సెక్యూరిటీ దగ్గర పేరు రాసి, పార్కులో ఎవరు కనబడితే వాళ్లను అడగమనండి. అక్కడ సీపేజీ (గోడల్లోంచి నీరు ఊరడం) గురించో, లిఫ్ట్ రిపేరు గురించో వింటారు. వినే వస్తారు కాబట్టి జవాబు సిద్ధంగా ఉండాలి: దాన్ని ఎవరు బాగుచేశారు, ఎన్నాళ్లు పట్టింది. పొజెషన్ ఇచ్చిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే ఉచితంగా సరిచేయాలని చట్టంలో ఉంది. ఆ మాట కూడా అప్పుడే చెప్పండి.

7. వద్దనడానికి మొహమాటపడేవారు

ఫోన్ ఎత్తరు. ఎత్తితే "వచ్చే వారం చెబుతాం" అంటారు. మన మనుషుల్లో ఎదుటివాడి ముఖం మీద వద్దనలేని మొహమాటం చాలామందికి ఉంది, దాన్ని ఆశగా లెక్కేసుకుని వారానికి ఐదు ఫోన్లు చేస్తాం. అలాంటివారికి వద్దనే దారిని మనమే సులువు చేయాలి. ఇలా ఒక మెసేజ్ చాలు:

"నమస్తే అండీ. 504 ఫ్లాట్ మీకు కుదరకపోతే ఏం ఫర్వాలేదు, ఒక్క మాట చెప్పండి, ఇక ఫోన్ చేసి ఇబ్బంది పెట్టను. ఇంకా ఆలోచిస్తుంటే ఎప్పుడు మాట్లాడమంటారో చెప్పండి, అప్పుడే చేస్తాను."

దీనికి జవాబు వస్తుంది. వద్దు అని వచ్చినా మంచిదే. ఆ గంటను రేపు ఇంకో కుటుంబానికి ఇవ్వొచ్చు.

8. ఫ్లాట్‌ను ఎన్నాళ్లు ఆపాలి?

కస్టమర్ పద్ధతిని గౌరవించడమంటే ఫ్లాట్‌ను నెలల తరబడి తాళం వేసి ఉంచడమని ఎవరూ అనరు. కస్టమర్లు కూడా అలా కోరుకోరు, స్పష్టమైన గడువు కోరుకుంటారు. "వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటి దాకా ఇంకెవరికీ ఇవ్వం. తర్వాత ఎవరైనా అడిగితే ముందు మీకు ఫోన్ చేసి, ఆ తర్వాతే వాళ్లతో మాట్లాడతాం" అని రాసి పంపండి. దీనికి మేనేజర్ అనుమతి ముందే తీసుకోండి. టార్గెట్ నెలాఖరుకు పూర్తికావాలి, కస్టమర్ శ్రావణం పాడ్యమికి వస్తానంటున్నాడు. ఈ రెంటి మధ్య నలిగేది మీరే కాబట్టి, ఎన్ని ఫ్లాట్లు ఎన్నాళ్లు హోల్డ్‌లో పెట్టొచ్చో నెల మొదట్లోనే తేల్చుకోండి.

"ఇంకో పార్టీ చెక్కు పట్టుకుని కూర్చుంది" అనే అబద్ధం మాత్రం వద్దు. రెండు నెలల తర్వాత అదే ఫ్లాట్ వెబ్‌సైట్‌లో ఖాళీగా కనబడుతుంది, ఈ రోజుల్లో అందరూ చూస్తారు. రేటు నిజంగా పెరగబోతుంటే కంపెనీ సర్క్యులర్ చూపించండి, తేదీతో సహా.

9. బుకింగ్ అయ్యాక

సేల్స్ నుంచి ఫైలు కస్టమర్ కేర్ టీమ్‌కు వెళ్లే రోజున మొదట్లో రాసుకున్న ఆ ఒక్క వాక్యం కూడా వెళ్లాలి. లెక్కల మనిషికి, వాయిదా కట్టమని పంపే డిమాండ్ లెటర్‌తో పాటు ఏ శ్లాబు పూర్తయిందో ఫోటో, ఇంజనీరు సర్టిఫికెట్ పంపాలి. కుటుంబమంతా తేల్చుకున్న ఇంటికి ఆ లెటర్ భార్యాభర్తలిద్దరి ఈమెయిల్‌కూ వెళ్లాలి. డాలస్ అన్నయ్యకు గడువు తేదీ కనీసం పది రోజుల ముందు తెలియాలి, డబ్బు పంపడానికి ఆయనకు టైమ్ పడుతుంది. తిథి చూసుకునేవారికి రిజిస్ట్రేషన్ స్లాట్ బుక్ చేసే ముందు ఫోన్ చేసి రెండు మూడు తేదీలు అడగాలి, బుక్ చేసేశాక కాదు.